ఒంటికి పట్టిన ఇనుమెంత?

తిన్న ఆహారంలోని ఇనుములో ఒంటికి పట్టేది ఎంత, పట్టకుండా పోయేది ఎంత అన్న లెక్క తేలేసరికి 20వ శతాబ్దం చాలావరకు గడిచిపోయింది. చిక్కంతా ఒంట్లో ఉండే లోహాల పరిమాణంలోనే ఉంది. పెద్దవారి శరీరం మొత్తంలో ఉండే ఇనుము 3 నుంచి 4 గ్రాములు. జింకు సుమారు 2 గ్రాములు, రాగి 0.1 గ్రాముకు అటూ ఇటూ. రోజు భోజనంలో 10, 15 మిల్లీగ్రాముల ఇనుము ఉంటే, పేగు గోడ దాటి రక్తంలో కలిసేది ఒకటి రెండు మిల్లీగ్రాములు. ఆ చిన్న రాబడిని, దానికి వేల రెట్లున్న పాత నిల్వలోంచి వేరు చేసి చూడాలి. నిన్నటి తోటకూరలోంచి వచ్చిన ఇనుప పరమాణువుకూ, నెలల తరబడి రక్తంలో తిరుగుతున్న ఇనుప పరమాణువుకూ రసాయనికంగా ఏ తేడా లేదు. గుర్తు వేయని గొర్రె మరో మందలో కలిస్తే కాపరికైనా దొరకదు. స్థిర ఐసోటోపులతో లోహాల జాడ తీసే పద్ధతి చరిత్ర అంతా అలాంటి గుర్తు కోసం సాగిన వెతుకులాటే.

మొదట గుర్తేమీ లేకుండానే, జమాఖర్చుల పద్ధతిలో లెక్క వేయాలని చూశారు. మనిషిని వారాల తరబడి తూకం వేసిన ఆహారంపై ఉంచి, లోపలికి వెళ్లిన లోహాన్నీ మలమూత్రాలలో బయటికి వచ్చిన లోహాన్నీ కొలిచేవారు. రెంటికీ మధ్య తేడాయే ఒంటికి పట్టినది. ఈ పని అత్యంత ఓపికగా చేసినవారు ఇంగ్లండ్‌కు చెందిన రాబర్ట్ మెకాన్స్, ఎల్సీ విడోసన్. ఇనుమును బయటికి పంపే మార్గం శరీరానికి దాదాపు లేదనీ, పేగు దగ్గర ఎంత లోపలికి రానివ్వాలో నిర్ణయించడం ద్వారానే నిల్వను అదుపులో ఉంచుకుంటుందనీ 1937లో వారు నిరూపించారు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో తమ మీదా, స్వచ్ఛందంగా వచ్చినవారి మీదా ముతక గోధుమ రొట్టెతో పరీక్షలు జరిపారు. తవుడులోని ఫైటేటు కాల్షియాన్ని పట్టి ఉంచి ఒంటికి అందనివ్వదని తేల్చారు. ఆ ఫలితం ఆధారంగానే బ్రిటన్‌లో కాల్షియం కోసం పిండికి సుద్ద కలపడం మొదలైంది.

అంత గొప్ప పని చేసినా ఆ పద్ధతిలో తీరని లోపం ఒకటి ఉంది. రాగి, జింకు వంటి లోహాలు పేగులోంచి రక్తంలోకి వెళ్లడమే కాదు, పిత్తరసంతో, క్లోమరసంతో కలిసి మళ్లీ పేగులోకి దిగుతాయి. మలంలో కనిపించిన జింకులో అసలు ఒంటికి పట్టనిది ఎంత, పట్టి తిరిగి వచ్చినది ఎంత? జమాఖర్చులు ఈ ప్రశ్నకు జవాబు చెప్పలేవు. పైగా రెండు పెద్ద సంఖ్యల మధ్య చిన్న తేడాను నమ్ముకోవాలి. ఒక రోజు నమూనా సరిగా చేరకపోతే లెక్క మొత్తం తలకిందులవుతుంది.

జవాబుకు దారి భౌతికశాస్త్రంలోంచి వచ్చింది. ఒకే మూలకానికి బరువులో తేడా ఉన్న రూపాలుంటాయని ఫ్రెడరిక్ సాడీ 1913లో చెప్పాడు. వాటికి ఐసోటోపులన్న పేరు సూచించినది స్కాట్లండ్ వైద్యురాలు మార్గరెట్ టాడ్. ఆవర్తన పట్టికలో ఒకే గడిలో కూర్చునేవి అని దాని అర్థం. ఆరేళ్ల తర్వాత ఫ్రాన్సిస్ ఆస్టన్ తన మాస్ స్పెక్ట్రోగ్రాఫ్‌తో ఈ రూపాలను బరువు ప్రకారం విడదీసి చూపించాడు. విద్యుదావేశం ఎక్కించిన పరమాణువులు విద్యుత్, అయస్కాంత క్షేత్రాల గుండా దూసుకుపోతే తేలికవి ఎక్కువగా, బరువైనవి తక్కువగా వంగుతాయి. ఇప్పటి యంత్రాలన్నీ మూలంలో చేసేది ఈ పనే.

ఐసోటోపును గుర్తుగా వాడవచ్చన్న ఆలోచన మాత్రం ఒక వైఫల్యంలోంచి పుట్టింది. హంగరీకి చెందిన జార్జ్ హెవెసీ 1911లో మాంచెస్టర్ ప్రయోగశాలకు వచ్చినప్పుడు, సీసంలో కలిసి ఉన్న రేడియం-డి అనే రేడియోధార్మిక పదార్థాన్ని వేరు చేయమని అక్కడి అధిపతి రూథర్‌ఫర్డ్ అతనికి అప్పగించాడు. ఎన్ని విధాల ప్రయత్నించినా అది వేరు పడలేదు. పడదు కూడా, ఎందుకంటే అది సీసపు ఐసోటోపే. విడదీయలేనప్పుడు దాన్ని సీసానికే గుర్తుగా వాడుకోవచ్చు కదా అని హెవెసీకి తోచింది. 1913లో వియన్నాలో రసాయనవేత్త పానెత్‌తో కలిసి ఆ ఆలోచనను రసాయనశాస్త్రంలో అమలు చేశాడు. 1923లో చిక్కుడుజాతి మొక్కల వేర్లు సీసాన్ని ఎలా పీల్చుకుంటాయో చూశాడు. ప్రాణమున్నదానిలో ఒక లోహం దారిని గుర్తు పెట్టి అనుసరించడం అదే మొదలు. 1943 సంవత్సరపు రసాయన నోబెల్ బహుమతి అతనికి ఈ పనికే వచ్చింది.

గుర్తు రెండు రకాలు. రేడియోధార్మిక ఐసోటోపు కిరణాలు వెలువరిస్తూ తన ఉనికిని తానే చాటుతుంది. స్థిర ఐసోటోపు అలా కాదు, బరువులో మాత్రమే తేడా. 1934లో హెవెసీ, హోఫర్ ఈ రెండో రకాన్నే వాడారు. భారజలం తాగించి, మనిషి ఒంట్లో నీరు సగటున 13 రోజులు నిలుస్తుందని లెక్క కట్టారు. మరుసటి ఏడాది నుంచి కొలంబియా విశ్వవిద్యాలయంలో రుడాల్ఫ్ షోన్‌హైమర్, డేవిడ్ రిటెన్‌బర్గ్ బరువైన హైడ్రోజన్‌తోనూ, తర్వాత బరువైన నైట్రోజన్‌తోనూ కొవ్వుల, ప్రోటీన్ల దారి పట్టారు. శరీరం ఒకసారి కట్టి వదిలేసిన భవనం కాదనీ, క్షణక్షణం కూలుతూ లేస్తూ ఉండే నిర్మాణమనీ లోకానికి తెలిసింది వారి పనితోనే. లోహాలకు మాత్రం ఆ దారి అప్పట్లో తెరుచుకోలేదు. హైడ్రోజన్ ఐసోటోపుల బరువులు రెట్టింపు తేడా కాబట్టి విడదీయడం కొంత సులువు. 56, 58 బరువుల ఇనుములను చేతికందే పరిమాణంలో విడదీయగల యంత్రం అప్పటికి ఎక్కడా లేదు.

అందువల్ల లోహాల అధ్యయనం మొదట రేడియోధార్మిక మార్గమే పట్టింది. 1930ల చివర అమెరికాలో రోచెస్టర్ విశ్వవిద్యాలయానికి చెందిన పాల్ హాన్, జార్జ్ విపుల్ బృందం, ఎర్నెస్ట్ లారెన్స్ కట్టిన కణ త్వరణ యంత్రం సైక్లోట్రాన్‌లో తయారైన ఇనుమును కుక్కలకు తినిపించి చూసింది. రక్తహీనత ఉన్న కుక్క ఇనుమును గట్టిగా పట్టుకుంది. నిల్వలు నిండుగా ఉన్న కుక్క దాదాపు ముట్టుకోలేదు. అవసరాన్ని బట్టి పేగు తలుపు తీస్తుందన్న మెకాన్స్, విడోసన్ల మాటకు ఇది కళ్లెదుటి సాక్ష్యం. 44 రోజుల అర్ధాయువున్న ఇనుము-59, 2.7 ఏళ్ల అర్ధాయువున్న ఇనుము-55 తర్వాతి 30 ఏళ్లపాటు ఈ రంగాన్ని ఏలాయి. ఇనుము శోషణ గురించి పాఠ్యపుస్తకాల్లో ఉన్నదానిలో చాలా భాగం వాటి చలవే.

ఆ జ్ఞానానికి మూల్యం చెల్లించినవారి గురించి చెప్పకుండా ఈ చరిత్ర పూర్తి కాదు. 1940ల రెండో భాగంలో అమెరికాలోని నాష్‌విల్‌లో, వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయ ప్రసూతి క్లినిక్‌కు వచ్చిన 800 మందికి పైగా గర్భిణులకు రేడియోధార్మిక ఇనుము కలిపిన ద్రవం తాగించారు. తాము తాగుతున్నదేమిటో వారికి చెప్పలేదు. 1960లలో వారి పిల్లలను వెతికి పరిశీలించినప్పుడు, సంఖ్య తక్కువైనా పట్టించుకోక తప్పని స్థాయిలో క్యాన్సర్లు కనిపించాయి. మసాచుసెట్స్ రాష్ట్రంలోని ఫెర్నాల్డ్ పాఠశాలలో 1946 నుంచి 1953 వరకు ఎంఐటీ పరిశోధకులు పిల్లల ఓట్స్ జావలో, పాలలో రేడియోధార్మిక ఇనుము, కాల్షియం కలిపారు. తల్లిదండ్రులకు పంపిన ఉత్తరాల్లో రేడియోధార్మికత అన్న మాట లేదు. ఆ పిల్లలను సైన్స్ క్లబ్ అన్న పేరుతో, అదనపు తిండితో, విహారయాత్రలతో పోగు చేశారు. ఈ విషయాలను పరిశీలించడానికి అధ్యక్షుడు క్లింటన్ 1994లో వేసిన సలహా సంఘం మరుసటి ఏడాది నివేదిక ఇచ్చింది. రెండు చోట్లా బాధితుల దావాలు 1998 కల్లా రాజీతో ముగిశాయి. మోతాదు చిన్నదేనన్న వాదన ఈ తప్పును తగ్గించదు. ఇనుము లోపం అందరికంటే ఎక్కువగా బాధించేది గర్భిణులనూ, పసిపిల్లలనూ. వారి గురించి తెలుసుకోవాలంటే వారికి కీడు చేయని గుర్తే కావాలి.

రాగి విషయంలో నీతితో పాటు భౌతికశాస్త్రమూ అడ్డు నిలిచింది. రాగి-64 అర్ధాయువు 12.7 గంటలు. రాగి-67 అర్ధాయువు రెండున్నర రోజులకు కాస్త ఎక్కువ. భోజనం అరిగి, లోహం ఒంట్లో సర్దుకునేలోపే గుర్తు చెరిగిపోతుంది. వారాల తరబడి రాగి దారి చూడాలంటే స్థిర ఐసోటోపు తప్ప గతి లేదు.

ఆ ఐసోటోపులు అందుబాటులోకి వచ్చిన తీరు ఈ కథలో అన్నిటికంటే విచిత్రమైన మలుపు. రెండో ప్రపంచ యుద్ధంలో అణుబాంబు కోసం యురేనియం-235ను విడదీయడానికి టెనెసీలోని ఓక్ రిడ్జ్‌లో కాలుట్రాన్లు అనే భారీ అయస్కాంత యంత్రాలు కట్టారు. యుద్ధం వల్ల రాగికి కొరత వచ్చి, ఆ అయస్కాంతాలకు తీగలు చుట్టడానికి అమెరికా ఖజానా నుంచి 13 వేల టన్నులకు పైగా వెండిని అరువు తెచ్చారు. యుద్ధం ముగిసి యురేనియం పని వేరే పద్ధతులకు మారాక, కొన్ని కాలుట్రాన్లను ఇతర మూలకాలకు మళ్లించారు. ఇనుము, రాగి, జింకు, కాల్షియం, సీసం, ఒక్కొక్కటిగా ఐసోటోపులుగా విడిపోయి చిన్న సీసాల్లోకి చేరాయి. సహజ ఇనుములో 58 బరువున్నది 0.28 శాతం మాత్రమే. ఆ యంత్రం దాన్ని 90 శాతం దాకా చిక్కబరిచి ఇవ్వగలిగింది. ధర మిల్లీగ్రాముల చొప్పున పలికేది. నగరాలను కాల్చడానికి కట్టిన యంత్రం పసిపిల్లల జావలో ఇనుము లెక్క తేల్చడానికి పనికొచ్చింది.

మనిషిలో లోహపు స్థిర ఐసోటోపును గుర్తుగా వాడిన తొలి ప్రయత్నంగా చరిత్రకారులు చూపేది 1963లో లోమన్, క్రివిట్ ‘సైన్స్’ పత్రికలో ప్రకటించిన పరిశోధనను. వారు ఇనుము-58 ఇచ్చి, తర్వాత తీసిన రక్తాన్ని రియాక్టర్‌లో న్యూట్రాన్ల ధాటికి గురిచేశారు. ఇనుము-58 న్యూట్రాన్‌ను మింగి రేడియోధార్మికమైన ఇనుము-59గా మారింది. దాని కిరణాలను కొలిచి గుర్తును లెక్కించారు. రేడియోధార్మికత ఉన్నది, అయితే మనిషిలో కాదు, మనిషి నుంచి తీసిన రక్తపు బొట్టులో. ఈ తేడాలోనే కొత్త యుగమంతా ఇమిడి ఉంది. 1970ల చివర ఈ పద్ధతిని జింకు, సెలీనియం దాకా విస్తరించినవారు ఎంఐటీకి చెందిన మోర్తెజా జంఘోర్బానీ, వెర్నన్ యంగ్. ఫెర్నాల్డ్ పిల్లల జావలో రేడియోధార్మిక ఇనుము కలిపినదీ ఆ సంస్థ పరిశోధకులేనని గుర్తు చేసుకోవాలి.

ఇదే కాలంలో మరో దారి భూవిజ్ఞానం నుంచి వచ్చింది. రాళ్ల వయసు కట్టేవారికి సీసపు ఐసోటోపుల నిష్పత్తులు చిరపరిచితం. యురేనియం, థోరియం క్షీణిస్తూ సీసంగా మారుతుంటాయి కనుక, ఏ గని సీసం ఎంత పాతదో దాని నిష్పత్తి చెప్పేస్తుంది. కాలిఫోర్నియాలో మైకేల్ రాబినోవిట్జ్, జార్జ్ వెదరిల్, జోయెల్ కాపుల్ 1973లో సీసం-204ను ఆహారంతో ఇచ్చి మనుషుల్లో దాని దారి పట్టారు. ఐదుగురు పురుషులతో చేసిన పరిశీలనల ఆధారంగా 1976లో పూర్తి లెక్క ప్రకటించారు. రక్తంలో సీసం సగటున 35 రోజులు నిలుస్తుంది. ఎముకల్లో మాత్రం 10 వేల రోజుల స్థాయిలో, అంటే దశాబ్దాలపాటు ఉండిపోతుంది. రక్తంలో తగ్గినంత మాత్రాన విషం పోయినట్టు కాదని వైద్యులకు తెలిసింది.

సీసంతో ఒక ప్రాంతమంతటినీ ప్రయోగశాలగా మార్చిన సందర్భమూ ఉంది. 1970ల రెండో భాగంలో ఇటలీలోని పీడ్‌మాంట్ ప్రాంతంలో పెట్రోలులో కలిపే సీసాన్ని కొంతకాలం ఆస్ట్రేలియాలోని బ్రోకెన్ హిల్ గని సీసంతో మార్చారు. ఆ గని సీసంలో 206, 207 బరువుల నిష్పత్తి 1.04. అంతకుముందు అక్కడి పెట్రోలులో అది 1.18 చుట్టూ ఉండేది. ట్యూరిన్ గాలిలోనూ, జనం రక్తంలోనూ నిష్పత్తి కిందికి జారింది. నగరవాసుల రక్తంలోని సీసంలో దాదాపు నాలుగో వంతు పెట్రోలు నుంచి వస్తున్నదేనని తేలింది. జనం పీలుస్తున్న సీసానికి బదులు మరో సీసం వచ్చిందే తప్ప అదనంగా కలిపింది లేదు. ఇంత పొదుపుగా, ఇంత స్పష్టంగా జవాబిచ్చిన ప్రయోగాలు ప్రజారోగ్య చరిత్రలో అరుదు. 2019లో బంగ్లాదేశ్‌లో గర్భిణుల రక్తంలోని సీసానికి, పసుపులో రంగు కోసం కలుపుతున్న లెడ్ క్రోమేటుకు సంబంధం పట్టిచ్చినదీ ఇదే పద్ధతి.

కొలత ఎంత సున్నితమో ఇనుము లెక్కలో చూడవచ్చు. పెద్దవారి రక్తంలో సుమారు 2,000 మిల్లీగ్రాముల ఇనుము తిరుగుతుంటుంది. అందులో 57 బరువున్నది సహజంగానే 42 మిల్లీగ్రాములు. భోజనంతో 4 మిల్లీగ్రాముల ఇనుము-57 ఇస్తే, పదో వంతు ఒంటికి పట్టి, అందులో 80 శాతం ఎర్రకణాల్లో చేరిందనుకుంటే, కొత్తగా కలిసింది 0.32 మిల్లీగ్రాములు. 42 మీద 0.32 అంటే ఒక శాతానికి లోపే. అదే ఇనుము-58 అయితే సహజంగా ఉన్నది 5.6 మిల్లీగ్రాములే కాబట్టి మార్పు 5 శాతం దాటుతుంది. ఖరీదైనా 58 కోసం పరిశోధకులు వెతికినది ఇందుకే. సహజంగానే కొంత ఉన్నచోట గుర్తు కనబడాలంటే గుర్తును కాస్త ఎక్కువగానే ఇవ్వాలి. రేడియోధార్మిక ఐసోటోపులా ఇది ఆహారంలోని లోహాన్ని కదిలించనంత స్వల్పం కాదు. స్థిర ఐసోటోపుల పద్ధతికి ఇది పుట్టుకతో వచ్చిన పరిమితి.

ఆ ఒక శాతం మార్పును నమ్మకంగా పట్టినది తాప అయనీకరణ మాస్ స్పెక్ట్రోమీటర్. రక్తాన్ని నైట్రిక్ ఆమ్లంలో కరిగించి, ఇనుమును మిగతా లవణాల నుంచి రెజిన్ గొట్టంలో వేరు చేసి, సన్నని రీనియం తీగ మీద పొడి చుక్కగా పెట్టి, శూన్యంలో ఎర్రగా కాలుస్తారు. తీగ నుంచి లేచిన అయాన్లను అయస్కాంతం బరువుల వారీగా విడదీస్తుంది. కచ్చితత్వం గొప్పదే కానీ ఒక్కో నమూనాకు చాలా సమయం పడుతుంది. గదిలోని దుమ్ము, చేతి చెమట, గాజు పాత్ర కూడా నమూనాను పాడుచేయగలవు. పని నిదానంగా సాగడంతో ఒక్కో అధ్యయనంలో పాల్గొనేవారి సంఖ్యా తక్కువగానే ఉండేది.

వేగం తెచ్చినది ఆర్గాన్ ప్లాస్మా. అయోవాలోని ఏమ్స్‌లో రాబర్ట్ హౌక్, వెల్మర్ ఫాసెల్, ఇంగ్లండ్‌కు చెందిన ఆలన్ గ్రేతో కలిసి, వేల డిగ్రీల వేడి ఉన్న ఆర్గాన్ మంటలోంచి అయాన్లను నేరుగా మాస్ స్పెక్ట్రోమీటర్‌లోకి లాగే పద్ధతిని 1980లో ప్రకటించారు. మూడేళ్లలో యంత్రం మార్కెట్లోకి వచ్చింది. నమూనాను ద్రవంగానే పోయవచ్చు, నిమిషాల్లో ఫలితం వస్తుంది. ఇనుముకు మాత్రం ఇది చాలాకాలం తలనొప్పి అయింది. 40 బరువున్న ఆర్గాన్, 16 బరువున్న ఆక్సిజన్ జతకడితే 56. ముఖ్యమైన ఇనుము ఐసోటోపు బరువూ అంతే. మంటను చల్లబరచడం, ఢీకొట్టే గదుల్లో ఆ జంటను విడగొట్టడం, తర్వాత 1990లలో ఒకేసారి పలు బరువులను కొలిచే బహుళ గ్రాహకాల యంత్రాలు రావడంతో ఈ చిక్కు విడింది.

యంత్రాలు అందాక ఫలితాలు వరుసగా వచ్చాయి. శాన్‌ఫ్రాన్సిస్కోలోని అమెరికా వ్యవసాయ శాఖ కేంద్రంలో జుడిత్ టర్న్‌లండ్ 11 మంది యువకులను 90 రోజులు ఉంచి, రాగి-65తో లెక్క తీసింది. రోజుకు 0.785 మిల్లీగ్రాముల రాగి తిన్నప్పుడు అందులో 56 శాతం ఒంటికి పట్టింది. 1.68 తిన్నప్పుడు 36 శాతం, 7.53 తిన్నప్పుడు 12 శాతం. రాగి విషయంలోనూ శరీరం ఎంత జాగ్రత్తగా తలుపు కాస్తుందో 1989లో వచ్చిన ఈ అంకెలు చెప్పాయి. జింకుకు రెండు గుర్తుల పద్ధతి కుదిరింది. ఒక ఐసోటోపును ఆహారంతో, మరోదాన్ని నరంలోకి ఇచ్చి, కొన్ని రోజుల తర్వాత మూత్రంలో రెండింటి నిష్పత్తి చూస్తే శోషణ తెలుస్తుంది. మలం పోగు చేయాల్సిన అవసరం తప్పింది.

ఈ పద్ధతి అసలు విలువ పసిపిల్లల దగ్గర బయటపడింది. 1988లో అయోవాలో శామ్యూల్ ఫోమన్ బృందం శిశువులకు ఇనుము-58 ఇచ్చి ఎర్రకణాల్లో దాని రాకను కొలిచింది. 1994లో స్విట్జర్లాండ్ పరిశోధకులు ఒకే శిశువుకు రెండు రకాల ఆహారాలను రెండు వేర్వేరు ఐసోటోపులతో ఇచ్చి, 14 రోజుల తర్వాత తీసిన కాస్త రక్తంతో రెండింటినీ పోల్చే పద్ధతిని ప్రచురించారు. అప్పటి నుంచి ప్రపంచమంతటా ఇనుము అధ్యయనాలకు ఇదే ఆధారం. అన్ని లోహాలకూ ఈ భాగ్యం లేదు. మాంగనీసుకు, కోబాల్టుకు, అల్యూమినియానికి స్థిర రూపం ఒక్కటే ఉంటుంది కాబట్టి వాటికి ఇలాంటి గుర్తు పెట్టడానికి వీల్లేదు. సరఫరా కష్టాలూ ఉన్నాయి. ఓక్ రిడ్జ్ కాలుట్రాన్లు 1998లో ఆగిపోయాక లోకం రష్యా యంత్రాల మీద ఎక్కువగా ఆధారపడాల్సి వచ్చింది.

రక్తహీనత ఇంటింటి సమస్య అయిన భారతదేశంలో ఈ పద్ధతి అడిగిన ప్రశ్నలు వంటింటివే. బెంగళూరులోని సెయింట్ జాన్స్ సంస్థ, జ్యూరిక్‌లోని ఈటీహెచ్ కలిసి యువతులలో చేసిన పరిశోధన 2008లో వెలువడింది. భోజనంతో పాటు ఒక కప్పు టీ తాగితే ఇనుము శోషణ సుమారు సగానికి పడిపోయింది. రెండు కప్పులకు మూడింట రెండు వంతులు పోయింది. హైదరాబాద్ దగ్గర పటాన్‌చెరులోని ఇక్రిశాట్ పంటల పరిశోధన సంస్థ ఇనుము ఎక్కువగా ఉండే సజ్జ రకాలను పెంపొందించింది. అలాంటి సజ్జలతో చేసిన ఆహారాన్ని కర్ణాటకలోని బెళగావి ప్రాంతంలో రెండేళ్ల పిల్లలకు పెట్టి స్థిర ఐసోటోపులతో కొలిచారు. మామూలు సజ్జలతో రోజుకు 0.23 మిల్లీగ్రాముల ఇనుము ఒంటికి పడితే, కొత్త సజ్జలతో 0.67 పట్టింది. గింజలో ఇనుము పెరిగితే ఫైటేటు దాన్ని మింగేస్తుందేమోనన్న అనుమానం అలా తీరింది.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ మూలాలు 1918లో కూనూరులో రాబర్ట్ మెకారిసన్ మొదలుపెట్టిన బెరిబెరి పరిశోధనలో ఉన్నాయి. సంస్థ 1958లో హైదరాబాద్‌కు తరలివచ్చింది. అక్కడి శాస్త్రవేత్తలు అమెరికా సహకారంతో కౌమార బాలబాలికలకు ఇనుము, జింకుల స్థిర ఐసోటోపులు కలిపిన అన్నం భోజనం పెట్టి, ఒకసారి జామపండుతో, ఒకసారి జామపండు లేకుండా పోల్చి చూశారు. 2013లో వెలువడిన ఆ ఫలితం ప్రకారం, జామపండు తోడైనప్పుడు ఒంటికి పట్టిన ఇనుము రెట్టింపు దాటింది. జింకులో మార్పు రాలేదు.